బరువు, వన్నె, ఒక పేరు: అమెరికా ప్రైవేటు బంగారు నాణేలను చదవడం ఎలా

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణలోని పదో సెక్షన్ రాష్ట్రాలేవీ నాణేలు ముద్రించకూడదని చెప్పింది. పౌరులు ముద్రించవచ్చా, కంపెనీలు ముద్రించవచ్చా అన్నది మాత్రం చెప్పలేదు. ప్రభుత్వ నాణేలకు నకళ్ళు తీస్తే నేరమే. కానీ సొంత పేరు వేసుకుని బంగారు నాణెం చేసేవాడిని ఆపే చట్టం 1864 జూన్ 8 దాకా రాలేదు. ఆ సందులో జార్జియా, నార్త్ కరోలినా, కాలిఫోర్నియా, ఆరెగాన్, యూటా, కొలరాడోల్లో కంసాలులు, బ్యాంకర్లు, గని కంపెనీలు, ఆఖరికి ఒక చర్చి కూడా నాణేలు కొట్టారు. సేకర్తలు వీటిని పయనీర్ గోల్డ్ అనీ, టెరిటోరియల్ గోల్డ్ అనీ అంటారు.

కొత్తగా వీటి జోలికి వచ్చినవాళ్ళకు కేటలాగు తెరవగానే కళ్ళు తిరుగుతాయి. బెక్లర్ల 5 డాలర్ల నాణెం ఒకదాని మీద 128 అనీ, మరోదాని మీద 134 అనీ, ఇంకోదాని మీద 140, 150 అనీ ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో 50 డాలర్ల నాణేల మీద 880, 887, 900 కనిపిస్తాయి. ప్రతి అంకెకూ వేరే కేటలాగు నంబరు, వేరే ధర. చూడ్డానికి చిక్కుముడిలా ఉన్నా, ఇవన్నీ ఒకే గుణకారంలోంచి పుట్టాయి: నాణెం బరువును వన్నెతో, అంటే బంగారం స్వచ్ఛతతో, గుణిస్తే అందులో ఉన్న మేలిమి బంగారం ఎంతో వస్తుంది. ప్రైవేటు నాణెం మీద ఉన్న డాలర్ల అంకె వెనక ప్రభుత్వ పూచీ ఏదీ లేదు. అది ముద్రించినవాడి మాట. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చేది ఈ గుణకారమే.

బెక్లర్ల లెక్క

ఈ లెక్క నేర్చుకోవడానికి అన్నిటికన్నా మంచి చోటు నార్త్ కరోలినాలోని రూథర్‌ఫర్డ్‌టన్. జర్మనీలోని బాడెన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన క్రిస్టఫర్ బెక్లర్ అక్కడ 1831లో నాణేల పని మొదలుపెట్టాడు. అమెరికాలో ఒక డాలరు బంగారు నాణెం మొదట చేసింది ఆయనే. ఫెడరల్ టంకశాల ఆ పని 1849 దాకా చేయలేదు. ఆయన తర్వాత కొడుకు ఆగస్ట్ నడిపాడు.

చుట్టుపక్కల వాగుల్లో దొరికే బంగారం వన్నె ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. బెక్లర్లు దాన్నంతా ఒకే వన్నెకు శుద్ధి చేయలేదు. బరువు మార్చి లెక్క సరిచేశారు, ఆ రెండు అంకెలనూ నాణెం మీదే వేశారు. జి అంటే గ్రెయిన్లు, సి అంటే క్యారట్లు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాము.

ఇప్పుడు కాగితం మీద వేసి చూడండి. 128 గ్రెయిన్లు, 22 క్యారట్లు: 128ని 22తో గుణించి 24తో భాగిస్తే 117.3 గ్రెయిన్ల మేలిమి. 134 గ్రెయిన్లు, 21 క్యారట్లు: 117.25. 141 గ్రెయిన్లు, 20 క్యారట్లు: 117.5. బరువులు మూడు రకాలు, బంగారం దాదాపు ఒక్కటే. ఫెడరల్ 5 డాలర్ల నాణెంలో అప్పుడున్న మేలిమి 116 గ్రెయిన్లు. అంటే బెక్లర్ కాస్త ఎక్కువే ఇస్తానని మాటిచ్చాడు.

మరి 150 గ్రెయిన్లు, 20 క్యారట్ల నాణెం సంగతేమిటి? గుణిస్తే 125 వస్తుంది. అది తప్పు కాదు, పాత ప్రమాణం. 1834కు ముందు ఫెడరల్ 5 డాలర్లలో 123.75 గ్రెయిన్ల మేలిమి ఉండేది. ఆ ఏడాది చట్టం దాన్ని 116కు తగ్గించింది. బెక్లర్ వెంటనే 140 గ్రెయిన్లు, 20 క్యారట్లకు దిగాడు (మేలిమి 116.7), ఏ ప్రమాణమో తెలియడానికి నాణెం మీద "ఆగస్టు 1, 1834" అని తేదీ వేశాడు. చాలామంది దాన్ని ముద్రించిన తేదీ అనుకుంటారు. అది ప్రమాణం మారిన తేదీ. ఆ తేదీతోనే తర్వాతి సంవత్సరాల్లోనూ నాణేలు వచ్చాయి.

బొమ్మ లేదు, గద్ద లేదు, అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉన్న ఈ నాణేలు నా దృష్టిలో మొత్తం పయనీర్ వర్గంలోకెల్లా నిజాయితీగలవి. వీటికి భిన్నమైన కథ టెంపుల్టన్ రీడ్‌ది. 1830లో జార్జియాలో నాణేలు కొట్టిన ఆయన మీద, బంగారం వన్నె తక్కువగా ఉందని పత్రికల్లో ఆరోపణ రాగానే కొద్ది నెలల్లోనే పని ఆగిపోయింది. నాణేలు కరగడానికి వెళ్ళాయి. అందుకే మిగిలినవి నేడు అత్యంత అరుదు.

కాలిఫోర్నియాలో ఏం జరిగింది

1848 జనవరి 24న కొలోమాలోని సటర్ రంపపు మిల్లు దగ్గర బంగారం బయటపడింది. ఏడాది తిరిగేసరికి అక్కడ బంగారు రజను కుప్పలుగా ఉంది, చిల్లర మాత్రం లేదు. దుకాణంలో ఔన్సు రజనుకు 16 డాలర్లు ఇచ్చేవారు. మేలిమి ఔన్సు అధికారిక విలువ 20.67. నది బంగారంలో వెండి పోను కూడా 18 డాలర్ల దాకా రావాలి. పైగా కస్టమ్స్‌వాళ్ళు సుంకం నాణేల్లో కట్టమనేవారు. రజనును నాణెంగా మార్చేవాడికి మధ్యలో లాభం కళ్ళముందే ఉంది.

1849లో నోరిస్, గ్రెగ్ అండ్ నోరిస్ 5 డాలర్లతో మొదలుపెట్టారు. ఆ వెంట మోఫాట్, మైనర్స్ బ్యాంక్, పసిఫిక్ కంపెనీ, సిన్సినాటి మైనింగ్ అండ్ ట్రేడింగ్, శాక్రమెంటోలో ఓర్మ్స్‌బీ, మరుసటేడు దుబోస్క్, బాల్డ్విన్. మోఫాట్ నాణేలు ఫెడరల్ నాణేల రూపంలోనే ఉంటాయి. తల మీది కిరీటపట్టీలో "లిబర్టీ"కి బదులు "మోఫాట్ అండ్ కో" అని ఉంటుంది. అక్షరాలు చదవకుండా బొమ్మ చూసి వెళ్ళిపోతే ఫెడరల్ నాణెమనే అనుకుంటాం. వెనకవైపు ఎస్.ఎం.వి. అన్న మూడక్షరాలు "స్టాండర్డ్ మింట్ వాల్యూ"కు పొడి రూపం.

అందరి మాటా ఒకేలా నిలబడలేదు. ఓర్మ్స్‌బీ 10 డాలర్ల నాణెంలో తేలిన బంగారం 9.37 డాలర్లది. 1851 మార్చిలో జేమ్స్ కింగ్ ఆఫ్ విలియం అనే బ్యాంకరు బాల్డ్విన్ తదితరుల నాణేలను పరీక్షకు పంపాడు. బాల్డ్విన్ 20 డాలర్ల నాణెం విలువ 19.40 తేలింది. లోటు మూడు శాతమే. కానీ పత్రికల్లో పడిన రోజు నుంచి దాన్ని తీసుకునేవాడు లేడు. కొద్ది వారాల్లో బాల్డ్విన్ సంస్థ మూతపడింది. జనం చేతుల్లోని నాణేలు నష్టానికి అమ్ముడై మూసలోకి వెళ్ళాయి. గుర్రపురౌతు బొమ్మతో ఉన్న ఆ సంస్థ 1850 నాటి 10 డాలర్ల నాణెం ఇప్పుడు ఈ వర్గంలో అందరూ వెతికే అందమైన నాణేల్లో ఒకటి. అది అరుదుగా మిగలడానికి కారణం ఆ మూడు శాతమే.

ఇదే సూత్రం యూటాలోనూ కనిపిస్తుంది. 1849లో మోర్మన్ చర్చి సాల్ట్‌లేక్ సిటీలో 2.50, 5, 10, 20 డాలర్ల నాణేలు కొట్టింది. అమెరికాలో చలామణీకి వచ్చిన మొదటి 20 డాలర్ల నాణెం అదే. కాలిఫోర్నియా బంగారాన్ని అలాగే వాడి, దానిలోని వెండిని లెక్కలోకి తీసుకోకపోవడంతో 20 డాలర్ల నాణెంలో నిజంగా ఉన్నది సుమారు 17 డాలర్ల బంగారం. ఊరు దాటితే వర్తకులు తీసుకోలేదు. 1860లో సింహం బొమ్మతో, మోర్మన్లు సొంతంగా చేసుకున్న డెసెరెట్ లిపితో వచ్చిన 5 డాలర్ల నాణెం కొలరాడో బంగారంతో చేసింది.

880, 884, 887, 900

ఇక సేకర్తలు స్లగ్ అని పిలిచే ఎనిమిది మూలల 50 డాలర్ల నాణెం. న్యూయార్క్‌లో గడియారపు డిప్పలు చేసే ఆగస్టస్ హంబర్ట్‌ను ప్రభుత్వం బంగారం వన్నె పరీక్షించే అధికారిగా, అంటే యునైటెడ్ స్టేట్స్ అస్సేయర్‌గా నియమించింది. 1851 జనవరి ఆఖరున ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి మోఫాట్ సంస్థతో కలిసి పని మొదలుపెట్టాడు. వెనకవైపు వలయాలుగా అల్లుకున్న సన్నని గీతలు ఆయన పాత వృత్తి గుర్తు. గడియారపు డిప్పల మీద వేసే పనితనమే అది.

ఈ నాణేల మీది అంకె వెయ్యి భాగాల్లో మేలిమి ఎన్ని భాగాలో చెబుతుంది. వన్నె ఎందుకు 900 కాదు? కాలిఫోర్నియా నది బంగారంలో సహజంగానే పదో వంతుకు అటూ ఇటుగా వెండి ఉంటుంది. దాన్ని విడదీయాలంటే నత్రికామ్లం కావాలి. ఆ ఆమ్లం అక్కడ సరిపడా దొరకలేదు. కాబట్టి వెండి ఉన్నదున్నట్టుగా కరిగించి, బరువు పెంచి విలువ సరిచేశారు. బెక్లర్ లెక్కే ఇక్కడ పెద్ద ఎత్తున నడిచింది. 50 డాలర్లకు మేలిమి 1161 గ్రెయిన్లు కావాలి. 880 వన్నెకు మొత్తం బరువు సుమారు 1319 గ్రెయిన్లు, అంటే 85.5 గ్రాములు. 887కు 1309 గ్రెయిన్లు, 84.8 గ్రాములు. 900కు 1290 గ్రెయిన్లు, 83.6 గ్రాములు. 11.66 గ్రాముల పాత తులం లెక్కన ఒక్క నాణెం ఏడు తులాల పైమాట. మనవాళ్ళ 8 గ్రాముల కాసుతో పోల్చదగింది ఫెడరల్ 5 డాలర్ల నాణెం, 8.36 గ్రాములు.

మొదట వాషింగ్టన్ 50 డాలర్ల ముక్కకే అనుమతించింది. కిలో పిండి కొనబోయేవాడికి అది ఏం పనికొస్తుంది? చిల్లర లేక స్లగ్గులను తక్కువ ధరకు మార్చుకోవాల్సి వచ్చింది. 1852లో వాస్ మోలిటర్ సంస్థ 5, 10 డాలర్లతో బజారులోకి రావడానికి దారి ఇక్కడే ఏర్పడింది. అదే ఏడాది హంబర్ట్‌కూ 10, 20 డాలర్లకు అనుమతి వచ్చింది. 884 అన్న అంకె ఆ చిన్న నాణేల మీద కనిపిస్తుంది. ఆ ఏడాది చివర్లో ఆర్థికమంత్రి థామస్ కార్విన్, చట్టం చెప్పిన 900 వన్నె లేని నాణేలను సుంకం కింద తీసుకోవద్దని కస్టమ్స్‌కు ఆదేశమిచ్చాడు. దాంతో యునైటెడ్ స్టేట్స్ అస్సే ఆఫీస్ ఆఫ్ గోల్డ్ అన్న కొత్త పేరుతో నడుస్తున్న అదే సంస్థ 900కు మారింది. 1853 నాటి 20 డాలర్లలో కొన్నిటిపై 900 అంకె కింద పాత 880 చెరిగీ చెరగకుండా కనిపించడం ఆ హడావుడికి సాక్ష్యం.

1853 డిసెంబరులో అస్సే ఆఫీసు మూతపడింది. ఆ ఊళ్ళో ఫెడరల్ టంకశాల తెరిచింది 1854 ఏప్రిల్ 3న. మధ్య ఖాళీలో కెలాగ్ సంస్థ 20 డాలర్లు కొట్టింది. టంకశాల తెరిచాక కూడా ఆమ్లం కొరతతో పని కుంటుతూ సాగింది గనుక కెలాగ్, వాస్ మోలిటర్ 1855లోనూ ముద్రించారు.

కొలరాడోలో క్లార్క్, గ్రూబర్ అండ్ కంపెనీ 1860, 1861ల్లో డెన్వర్‌లో పనిచేసింది. మొదటి ఏడాది బంగారం మరీ మేలిమి కావడంతో నాణేలు మెత్తగా ఉండి త్వరగా అరిగాయి. రెండో ఏడాది గట్టిదనం కోసం కల్తీలోహం కలిపారు. 1860 నాటి 10, 20 డాలర్ల మీద పైక్స్ పీక్ శిఖరం అగ్నిపర్వతంలా కోసుగా ఉంటుంది, అసలు కొండకు ఆ రూపం లేదు. ఆ సంస్థ భవనాన్ని ఫెడరల్ ప్రభుత్వం 25,000 డాలర్లకు కొంది. డెన్వర్ టంకశాల మూలం అదే.

నకిలీలు, పరీక్షలు

ఈ వర్గంలో బజారులో తిరిగే ముక్కల్లో నకళ్ళే ఎక్కువ. స్లగ్గులకూ, పైక్స్ పీక్ నాణేలకూ ఇత్తడి మీద పూత పూసిన జ్ఞాపికలు దశాబ్దాలుగా అమ్ముతున్నారు. 1973 చట్టం నకలు మీద "కాపీ" అని ముద్ర వేయాలంటుంది. అంతకు ముందువాటికి ఆ ముద్ర ఉండదు. కాబట్టి "కాపీ" అని లేకపోవడం దేనికీ రుజువు కాదు.

మొదట తూచండి. అదే కొలతల ఇత్తడి స్లగ్ సుమారు 41 గ్రాములు, అసలుదాంట్లో సగం. ఆ ఒక్క తూకంతో జ్ఞాపికలు దాదాపు అన్నీ రాలిపోతాయి.

తర్వాత సాంద్రత. 0.01 గ్రాము చూపే త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో వేలాడదీసి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. త్రాసు చూపే అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత. 880 వన్నె, మిగతాది వెండి అయితే లెక్క ప్రకారం సుమారు 17.5 రావాలి. 900 వన్నె, మిగతాది రాగి అయితే 17.3. ఇత్తడికి 8.5. నాణేనికి గాలి బుడగ అంటుకుంటే అంకె తగ్గి, మంచి నాణేన్ని అనుమానించేలా చేస్తుంది. నీళ్ళలో ఒక చుక్క సబ్బుద్రావణం వేస్తే బుడగలు నిలవవు.

ఈ పరీక్ష పరిమితి కూడా తెలియాలి. స్లగ్ ముంచితే త్రాసు 4.85 గ్రాముల దగ్గర చూపుతుంది, 0.01 తేడా వచ్చినా ఫలితం చెడదు. 5 డాలర్ల నాణేనికి చూపేది 0.48. అక్కడ 0.01 తేడా వస్తే సాంద్రత 17 నుంచి 17.7 దాకా ఊగుతుంది. వెండి కలిపారా, రాగి కలిపారా అన్నది దానితో తేలదు. దానికి ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం కావాలి. నగల హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉండేది అదే. అదీ పైపొరనే చూస్తుంది, మందమైన పూత ఉంటే మోసపోతుంది. అందుకే రెండు పరీక్షలూ కలిపి చదవాలి. గీటురాయి మీద మాత్రం గీయకండి. అంచు మీద పడ్డ ఆ చిన్న గీత ధరను శాశ్వతంగా దించుతుంది.

రంగు కూడా సాయపడుతుంది. వెండి కలిసిన కాలిఫోర్నియా బంగారం లేత పసుపుగా, ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. రాగి కలిసింది ఎర్రగా మొగ్గుతుంది. 880 ముద్రతో ఎర్రటి నాణెం కనిపిస్తే ఆగి ఆలోచించాలి.

కాలిఫోర్నియా చిన్న నాణేల్లో (పావు, అర, ఒక డాలరు) మోసం ఇంకా సులువు, ఎందుకంటే అసలువి కూడా గోరంత ఉంటాయి. ఇవి 1852 నుంచి 1880ల మొదటి దాకా వచ్చాయి. తొలివి నిజంగా చిల్లరగా తిరిగాయి. తర్వాతివి ఎక్కువగా జ్ఞాపికలు, 1864 చట్టానికి దొరక్కుండా కొన్నిటికి వెనకటి తేదీలు వేశారు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: డాలరు, డాల్ లేదా సెంట్స్ అన్న మాట నాణెం మీద ఉండాలి. ఎలుగుబంటి బొమ్మ ఉండి, "కాలిఫోర్నియా గోల్డ్" అనో ఉత్త "½" అనో మాత్రమే ఉంటే అది నగల బిళ్ళ.

అతుకు, అంచు, గ్రేడు

అసలుదని తేలినా పని అయిపోలేదు. 19వ శతాబ్దంలో ఈ నాణేలను గొలుసుకు, బ్రోచ్‌కు అతికించి పెట్టుకునేవారు. కొక్కెం తీసేసి ఆ చోటు నునుపు చేసిన ముక్కలు చాలా ఉన్నాయి. పదింతలు చూపే లూప్‌తో అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. గీట్ల అంచులో ఒకచోట గీట్లు మసకబారినా, ఆ చోట రంగు మారినా అతుకు జాడ. రంధ్రం పూడ్చిన చోట రెండు వైపులా మెరుపు ఒకేలా లేకుండా పోతుంది. స్లగ్గుల్లో మూలలు చూడాలి. అంత బరువైన మెత్తని లోహం కిందపడితే మూల నలగక తప్పదు, ఆ నలిగిన మూలను ఆకురాయితో సరిచేసినవి కొల్లలు. 1851 నాటి తొలి స్లగ్గులకు ఎనిమిది అంచుల మీదా హంబర్ట్ పేరు, హోదా అక్షరాల్లో ఉంటాయి. సరిచేసిన మూల దగ్గర అక్షరాలు కొరుక్కుపోయి ఉంటాయి.

పీసీజీఎస్, ఎన్జీసీ అనే రెండు గ్రేడింగ్ సంస్థలు ఇలాంటి ముక్కలకు అంకె ఇవ్వకుండా "డిటైల్స్" అని రాస్తాయి. ధర బాగా తగ్గుతుంది. బడ్జెట్ తక్కువైతే నలిగిన మూల ఉన్న స్లగ్ కొనడం నాకు తప్పుగా అనిపించదు. దెబ్బ చలామణీలో తగిలింది, అది నాణెం చరిత్రలో భాగమే. పూడ్చిన రంధ్రం, తిరిగి చెక్కిన జుట్టు మాత్రం అమ్మేటప్పుడు ఏడిపిస్తాయి.

గ్రేడు చదవడంలో ఫెడరల్ నాణేలకు అలవాటుపడ్డ కన్ను ఇక్కడ పొరబడుతుంది. ఈ టంకశాలల్లో చేతితో తిప్పే ప్రెస్సులు, సరిగా గట్టిపడని అచ్చులు. ముద్ర పడేటప్పుడే బొమ్మ మధ్యభాగం మొద్దుగా పడింది. దాన్ని అరుగుదల అనుకోకూడదు. మొద్దుగా ఉన్న చోట అసలు మెరుపు మిగిలి ఉంటే ముద్ర బలహీనం. బూడిదరంగు తిరిగి నునుపుగా ఉంటే అరుగుదల. ఈ తేడా ఒక ఎక్స్‌ఎఫ్ నాణేన్నీ ఒక ఏయూ నాణేన్నీ వేరు చేస్తుంది (మొదటిది కొద్దిగా అరిగిన గ్రేడు, రెండోది దాదాపు అరగని గ్రేడు).

ప్లాస్టిక్ డబ్బాలో ఉంది కదా అని నమ్మేయకండి, డబ్బాలకూ నకళ్ళు ఉన్నాయి. సర్టిఫికెట్ నంబరును ఆ సంస్థ సైటులో కొట్టి, ఫొటో ఉంటే గీతలూ మచ్చలూ ఒక్కొక్కటిగా పోల్చండి. లేబుల్ మీద కె అక్షరంతో ఉండే నంబరు డొనాల్డ్ కగిన్ వర్గీకరణది. అదే నంబరుతో వేలం సంస్థల పాత రికార్డులు వెతికితే ఆ రకం ఎన్నిసార్లు, ఎంతకు అమ్ముడైందో తెలుస్తుంది. అదే నాణెం పాత వేలంలో డబ్బా లేకుండా కనిపించిందా, అప్పుడు "అతుకు తీసినది" అని రాశారా అన్నదీ బయటపడుతుంది.

1855 నాటి కెలాగ్ 50 డాలర్ల నాణెం విషయంలో ఒక హెచ్చరిక. 1857 సెప్టెంబరులో మునిగిన ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా ఓడ నుంచి తీసిన బంగారంతో 2001లో ఆ నమూనాను మళ్ళీ ముద్రించారు. వాటి మీద ఓడ పేరు ఉంటుంది. అవి నిజమైన బంగారమే, మంచి వస్తువులే, కానీ 1855 నాణేలు కావు.

అమెరికాలో ఉంటూ కొనే తెలుగువాళ్ళు పన్ను సంగతి ముందే చూసుకోవాలి. ఏడాది దాటాక అమ్మిన లాభం మీద నాణేలకు ఫెడరల్ రేటు 28 శాతం దాకా ఉంటుంది, షేర్లకన్నా ఎక్కువ. ఇండియాకు తెచ్చేటప్పుడు ఆభరణాలకు ఇచ్చే సుంకం మినహాయింపు నాణేలకు వర్తించదు. బిల్లు దగ్గర లేకపోతే రెండు చోట్లా ఇబ్బందే.

మొదటి నాణెంగా నేను చెప్పేది బెక్లర్ల ఒక డాలరు. 28 గ్రెయిన్ల కరోలినా రకం గానీ, ఆగస్ట్ బెక్లర్ 27 గ్రెయిన్లు, 21 క్యారట్ల రకం గానీ ఈ వర్గంలో తరచుగా దొరికేవి. అతికించినవి, వంగినవి చాలా ఉంటాయి గనుక నాలుగైదు చూసి గానీ ఒకటి తీసుకోవద్దు. కాలిఫోర్నియాయే కావాలనుకుంటే మోఫాట్ 1849 లేదా 1850 నాటి 5 డాలర్లు. పెద్ద నాణెం మీద మనసుంటే 1853 నాటి అస్సే ఆఫీసు 20 డాలర్లు, 900 వన్నెది. ఆ సంస్థ నాణేల్లో ఎక్కువగా మిగిలింది అదే. స్లగ్ ధర ఐదంకెల డాలర్లలో ఉంటుంది గనుక, అంచులు చదవడం ఈ చిన్నవాటి మీద నేర్చుకున్నాకే దాని దగ్గరికి వెళ్ళండి.